మాస్ మీడియా చదవాలనుంది, నాన్న బి.కాం. అంటున్నారు

ప్రశ్న: బాబాయ్ గారూ, మాది పి.గన్నవరం దగ్గర లంక ఊరండి. ఇంటర్ సీఈసీ అయిపోయింది, మార్కులు బాగానే వచ్చాయి. మాస్ మీడియా చదివి రేడియోలోనో టీవీలోనో కార్యక్రమాలు తయారుచేసే పని చెయ్యాలని ఉందండి. నాన్నగారు కౌలుకి కొబ్బరితోట, కాస్త వరి చేస్తారు. బి.కాం. కంప్యూటర్స్ చదివితే బ్యాంకు పరీక్షలైనా రాసుకోవచ్చంటున్నారు. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆరు నెలల్లో యాంకర్‌ని చేస్తామని రోజూ ఫోన్ చేస్తున్నారు, ఫీజంతా ముందే కట్టాలట. మావయ్యేమో "నీ గోదారి యాసకి టీవీలో ఎవడు తీసుకుంటాడే" అని నవ్వుతున్నారు. ఆడపిల్ల కెమెరా పని చేస్తానంటే ఇస్తారా అండి? ఏ కాలేజీలో చేరమంటారు?
- ఒక పాఠకురాలు, కోనసీమ జిల్లా

సమాధానం: బాబాయ్ అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నానమ్మా. ముందు ఆ ఇన్‌స్టిట్యూట్ సంగతి తేల్చేద్దాం, వాళ్ళు రేపు మళ్ళీ ఫోన్ చేస్తారు కదా. డబ్బు కట్టొద్దు. ఆరు నెలల సర్టిఫికెట్ చూసి యాంకర్ ఉద్యోగం ఇచ్చే చానెల్ నాకు తెలిసి లేదు. చానెల్ వాళ్ళు నిన్ను స్టూడియోలో కూర్చోబెట్టి, నువ్వెప్పుడూ చూడని వార్తని టెలీప్రాంప్టర్ మీద, అంటే యాంకర్ చూసి చదవడానికి అక్షరాలు కదిలే తెర మీద, నడిపి చదవమంటారు. మధ్యలో ప్రాంప్టర్ ఆపేసినా ఆపేస్తారు, అప్పుడేం చేస్తావో చూడ్డానికి. అక్కడే తేలిపోతుంది. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఉద్యోగం గ్యారంటీ అన్నారంటే ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపమను. తర్వాత ఎన్ని ఫోన్లు వస్తాయో చూద్దువుగాని.

ఇంకో మాట. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. యాంకర్ అవ్వాలని నువ్వెక్కడా రాయలేదు. కార్యక్రమాలు తయారుచేసే పని అన్నావు. యాంకర్ అన్నది వాళ్ళు. మన ఊళ్ళలో టీవీ అనగానే తెర మీద కనిపించే మొహమే గుర్తొస్తుంది గానీ, అరగంట బులెటిన్‌లో ఆ మనిషి వెనక ఎంతమంది ఉంటారో చూస్తే నీకు ఎక్కువ సంతోషం వేస్తుంది. పీసీఆర్ అని ఒక గది ఉంటుంది, ప్రొడక్షన్ కంట్రోల్ రూమ్. అందులో ప్యానెల్ ప్రొడ్యూసర్ రన్‌డౌన్, అంటే ఏ వార్త తర్వాత ఏది అనే జాబితా, ముందు పెట్టుకుని కూర్చుంటాడు. పక్కన ఏ కెమెరా తెర మీదికి వెళ్ళాలో మీటలు నొక్కేవాళ్ళు, సౌండ్ చూసేవాళ్ళు, కింద పేర్లూ స్క్రోలూ వేసేవాళ్ళు. నాలుగో ఐటెమ్ నడుస్తుండగా ఆరో ఐటెమ్ ప్యాకేజీ (బొమ్మా మాటా కలిపి తయారుచేసే కథనం) ఇంకా ఎడిటింగ్‌లోనే ఉందని కబురొస్తుంది. ప్యానెల్ ప్రొడ్యూసర్ యాంకర్ చెవిలో "ఆరు డ్రాప్, ఏడుకి వెళ్ళు" అంటాడు. యాంకర్ మొహంలో ఆ సంగతేమీ తెలియదు. ఆ గదిలో కుర్చీ కోసం చదువు. జుట్టు నెరిసినా అక్కడ పని ఉంటుంది.

ఇక కాలేజీ. ఏ కాలేజీ అని పేరు చెప్పి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు, ఎందుకంటే ఒకే పేరున్న కోర్సు ఒకచోట బాగుంటుంది, ఇంకోచోట పుస్తకాలతోనే సరిపెట్టేస్తారు. ఎలా చూడాలో చెప్తాను. నాన్నగారిని తీసుకుని వెళ్ళినప్పుడు గ్రీన్ మ్యాట్ వేసిన స్టూడియో చూపిస్తారు, ఏసీ చల్లగా ఉంటుంది, గోడమీద పాత విద్యార్థుల ఫొటోలుంటాయి. అవన్నీ చూసేశాక, "ఎక్విప్‌మెంట్ ఇష్యూ రిజిస్టర్ ఒకసారి చూడొచ్చా అండీ" అని అడుగు. ప్రతి మీడియా ల్యాబ్‌లోనూ అది ఉండాలి. కెమెరా నంబరు, ఎన్ని బ్యాటరీలు, ఏ మైకు, ఎవరు తీసుకెళ్ళారు, ఎప్పుడు తిరిగిచ్చారు, సంతకం. ఆ కాలమ్‌లో పేర్లు చదువు. రెండో సంవత్సరం పిల్లల పేర్లు వారంవారం మారుతూ కనిపిస్తే అక్కడ పని నడుస్తోందన్నమాట. చివరి సంతకం కాలేజీ యాన్యువల్ డే నాటిదైతే, ఆ కెమెరా ప్రిన్సిపాల్ గారి సన్మానాలు తీయడానికే బయటికి వస్తోందని అర్థం చేసుకో. రిజిస్టరే లేదు, తాళం సార్ దగ్గర ఉంటుంది అన్నారనుకో, కాఫీ తాగి వచ్చేయండి.

కుదిరితే మరో రెండు అడుగు. పోయినేడు విద్యార్థులు తీసిన డాక్యుమెంటరీ ఏదైనా మొదటి నుంచి చివరిదాకా చూపించమను. మంచి ముక్కలేరి అతికించిన రెండు నిమిషాల షోరీల్ వద్దు, అందులో ఎవరైనా బాగానే ఉంటారు. పాఠం చెప్పేవాళ్ళలో ఒక్కరైనా చానెల్లోనో రేడియో స్టేషన్లోనో పని చేసినవాళ్ళున్నారా అనేది రెండోది. దీంతోపాటు డిగ్రీ ఏ యూనివర్సిటీ ఇస్తుందో, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవడం నాన్నగారి పని. ఆయన ఎలాగూ అడుగుతారు.

నీ ఇంటి పరిస్థితికి నా సలహా మాత్రం ఇది: డిగ్రీ దగ్గర్లోనే చదువు, మాస్ మీడియా పీజీలో చదువు. అమలాపురంలో ఎస్‌కేబీఆర్ ఉంది, భీమవరంలో డీఎన్ఆర్ ఉంది, రాజమహేంద్రవరంలో ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ఉంది. హైదరాబాద్‌లో మూడేళ్ళ డిగ్రీ అంటే హాస్టలు, తిండి, బస్సులు కలిపి ఫీజుకంటే ఎక్కువవుతుంది. కౌలు చేసేవాళ్ళకి కొబ్బరి ధర పడిపోయిన ఏడు ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? పీజీకి వచ్చేసరికి చేతిలో నీ పని కొంత ఉంటుంది, వయసూ వస్తుంది, ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఖర్చూ తక్కువ. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, గుంటూరు దగ్గర నాగార్జున, తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఈ మూడింట్లోనూ జర్నలిజం విభాగాలున్నాయి. హైదరాబాద్‌లో ఉస్మానియా 1954లోనే జర్నలిజం చెప్పడం మొదలుపెట్టింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ విభాగం ఉంది, సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. ఢిల్లీలో జర్నలిజం నేర్పే కేంద్ర సంస్థ ఐఐఎంసీకీ అదే పరీక్ష. సౌండో ఎడిటింగో మాత్రమే నీ ప్రాణం అనుకుంటే సినిమా, టీవీ పని నేర్పే పుణె ఎఫ్‌టీఐఐ ఉంది, డిగ్రీ అయ్యాక ప్రవేశ పరీక్ష. అది కష్టం, అయినా రాయి. తెలుగు రాత మీద గట్టి పట్టుంటే ఈనాడు జర్నలిజం స్కూలు మరో దారి. అక్కడ ఎదురు స్టైపెండ్ ఇచ్చి నేర్పుతారు.

నాన్నగారితో బి.కాం. గురించి పోట్లాడకు. నన్నడిగితే బి.ఏ. ఎకనామిక్స్ మేలంటాను. అయితే బి.కాం. చదివినవాళ్ళ అవసరం కూడా చానెళ్ళకి బాగానే ఉంటుంది. బడ్జెట్ రోజున డెస్క్‌లో లెక్కలు అర్థమయ్యేవాళ్ళ కోసం వెతుక్కుంటారు. సొసైటీ బ్యాలెన్స్ షీట్ చూసి ఇక్కడేదో తేడాగా ఉందని పట్టుకోగలిగిన రిపోర్టర్ మన జిల్లాల్లో ఎంతమంది ఉన్నారు? డిగ్రీ పేరు దగ్గర ఆయన మాట నెగ్గనీ. దానికి బదులు ఆదివారాలు నీవి అని మాట తీసుకో. ఆ ఆదివారాలతో ఏం చెయ్యాలో చెప్తాను.

మొదట చెవి తయారవ్వాలి. కొత్తగా వచ్చినవాళ్ళందరూ బొమ్మ గురించే ఆలోచిస్తారు. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే చానెల్ మార్చేస్తారు. మీ తోటలో దింపు అయ్యాక కాయలు రాశి పోసి ఒలుపు చేస్తారు కదా, ఆ రోజు ఫోన్ తీసుకుని వెళ్ళు. ఒలిచేవాళ్ళలో ఒకరిని ఎంచుకుని, ముందు అడిగి, పక్కన కూర్చో. రికార్డర్ ఆన్ చేసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విను. డొక్కలోకి ఇనుప మొన దిగేటప్పుడు ఒక చప్పుడు, పీచు చీలేటప్పుడు ఇంకొకటి, కాయ రాశి మీద పడేటప్పుడు మూడోది. ఫోన్‌ని రెండడుగుల దూరం నుంచి జానెడు దూరానికి తీసుకురా, ఎంత తేడా వస్తుందో తెలుస్తుంది. ఇప్పుడు ఆయనతో మాట్లాడించు. కొబ్బరాకుల్లోంచి గాలి కొట్టి మైకులో బుసబుసమంటుంది. గాలికి నీ వీపు అడ్డం పెట్టు, లేదా మైకుకి పల్చటి గుడ్డ చుట్టు. దూరంగా మోటారు ఇంజను నడుస్తుంటే ఇంకా కష్టం, మనిషి ఆపిన చోటల్లా అది వినపడుతుంది, తర్వాత కోసి అతికించినప్పుడు చప్పుడు ఎగిరెగిరి పడుతుంది. అందుకే మాటలైపోయాక లేవకుండా, ఎవరూ మాట్లాడకుండా ముప్పై సెకన్లు ఆ తోట చప్పుడు ఒక్కటే రికార్డు చెయ్యి. అతుకుల కింద పరచడానికి పనికొస్తుంది. కొందరు మూడేళ్ళ కోర్సు పూర్తిచేసి వచ్చి కూడా ఆ ముప్పై సెకన్లు మరిచిపోతారు.

బొమ్మకి అదే ఒలుపు చాలు. మొత్తం రాశీ మనిషీ కనిపించేలా ఒకటి, నడుం పైనుంచి ఒకటి, చేతులు ఒక్కటే ఒకటి, మొహం ఒకటి. ప్రతిదీ పది సెకన్లు, ఫోన్ కదలకుండా. జూమ్ జోలికి పోకు, దగ్గరగా కావాలంటే నువ్వే దగ్గరికి నడువు. మనిషికి ఒక పక్కనే ఉండి తియ్యి. అటు ఒకటి ఇటు ఒకటి తీస్తే ఎడిటింగ్‌లో ఆయన ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి తిరిగినట్టు కనిపించి చూసేవాళ్ళు తికమక పడతారు. రాత్రి ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద తీస్తే తెర మీద చారలు పాకుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెట్టింగుల్లో షట్టర్ 1/50, ఫ్రేమ్ రేటు 25 పెడితే అవి పోతాయి. మన టీవీ ప్రసారం కూడా సెకనుకి 25 ఫ్రేములే.

రాత సాధనకి గోదావరే ఉంది. వరదొచ్చినప్పుడు ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని చానెళ్ళన్నీ చెప్తాయి. 2022 జులైలో వరద పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కూడా అవే అంకెలు తిరిగాయి. లంకలో ఉన్నవాళ్ళకి ఆ అంకె వింటే ఏం చెయ్యాలో తెలుస్తుందా? రెండో హెచ్చరిక అంటే మీ ఊరికి ఏ కాజ్‌వే మునుగుతుంది, గొడ్లని ఎప్పటికి గట్టెక్కించాలి, పడవ ఏ రేవు నుంచి తిరుగుతుంది, ఇవన్నీ పెట్టి ముప్పై సెకన్ల వార్త రాయి. గడియారం పెట్టుకుని పైకి చదువు. మొదటిసారి కచ్చితంగా నిమిషం దాటుతుంది. కొయ్యి. మోకాల్లోతు నీళ్ళలో నిలబడి "మీరు చూడొచ్చు" అనే రిపోర్టర్ల మీద నాకెప్పుడూ చిరాకే, నీళ్ళు మనకి కనిపిస్తూనే ఉన్నాయి కదా. ఆ నీళ్ళు రేపు పొద్దున్నకి ఎక్కడుంటాయో చెప్పాలి.

ఇంకా పెద్ద పని కావాలంటే నీకు చాలా దగ్గర్లో ఒకటుంది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి పేలి 65 రోజులు మండింది. అప్పటికి తెలుగులో 24 గంటల వార్తా చానెల్ ఒక్కటీ లేదు. ఇప్పుడైతే అక్కడినుంచే నేరుగా ప్రసారం చేసే లైవ్ కిట్లు అరగంటలో పది వాలిపోయేవి. ఆ మంటని కళ్ళారా చూసినవాళ్ళు మీ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకా ఉన్నారు. మీ అమ్మమ్మనో పక్కింటి తాతగారినో అడుగు. రాత్రిళ్ళు వెలుతురు ఎంత దూరం వచ్చింది, చప్పుడు ఎలా ఉండేది, ఎవరింటికి తరలివెళ్ళారు. "అప్పుడు మీకేమనిపించింది" అని అడగకు, అందరూ "భయమేసింది" అనే అంటారు. "ఆ రాత్రి వంట ఎక్కడ చేశారు" అని అడుగు, కథంతా అదే వస్తుంది. నలుగురిని రికార్డు చేసి, ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కోసి, ఎనిమిది నిమిషాల రేడియో కార్యక్రమం చెయ్యి. ఆడాసిటీ ఉచితం, పాత కంప్యూటర్ మీదా నడుస్తుంది. పీజీ ఇంటర్వ్యూకి వెళ్ళిన రోజున ఆ ఎనిమిది నిమిషాలు నీ దగ్గరుంటే వేరే ఏమీ చూపించక్కర్లేదు.

చేసింది ఎవరైనా ప్రసారం చెయ్యాలి కదా. భీమవరంలో విష్ణు కాలేజీల ప్రాంగణం నుంచి రేడియో విష్ణు అని 90.4 ఎఫ్ఎం మీద కమ్యూనిటీ రేడియో, అంటే చుట్టుపక్కల జనం కోసం నడిపే చిన్న స్టేషన్, ఉంది. ఇలాంటి స్టేషన్లకి ఇచ్చే పవర్ 100 వాట్ల దగ్గరే ఉంటుంది, అందుకే సిగ్నల్ మీ లంక దాకా రాదు. చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా వెళ్ళాల్సిందే. వాళ్ళు సొంతంగా వార్తలు చదవకూడదు, ఆకాశవాణి వార్తలని యథాతథంగా వెయ్యొచ్చు. కానీ కార్యక్రమాల్లో సగమైనా స్థానికంగా తయారైనవి ఉండాలనేది నిబంధన. అందుకని నీలాంటివాళ్ళు తలుపు తడితే వినే అవకాశం ఎక్కువ. మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీలో ఇంటర్న్‌షిప్ పెట్టారు, మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కూడా. మిగతావాళ్ళు ఆ ప్రాజెక్టు రిపోర్టు జిరాక్స్ షాపులో తయారుచేయించుకుంటారు, నువ్వు దాన్ని రికార్డర్‌తో చెయ్యి. ఇంటర్న్‌షిప్‌కి రేడియో స్టేషన్‌ని అడుగు.

మావయ్యగారి నవ్వు సంగతి. యాస వేరు, ఉచ్చారణ తప్పులు వేరు. శనగల్ని సనగలు అన్నా, కళ్ళు అనాల్సిన చోట కల్లు అన్నా, ఒత్తులు మింగేసినా ఆడిషన్‌లో తీసేస్తారు, నువ్వు ఏ జిల్లా అయినా సరే. రోజూ పేపర్లో ఒక సంపాదకీయం పైకి చదివి రికార్డు చేసుకుని విను, మూణ్ణెల్లలో సర్దుకుంటుంది. సాగదీత వార్తలకి పనికిరాదు, రైతు కార్యక్రమానికీ నాటికకీ అదే కావాలి. రెండూ చేతనైనవాళ్ళకి రెండు చోట్లా పనే. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అక్కడ భక్తిరంజని కార్యక్రమానికి రూపం ఇచ్చిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు పుట్టింది నిడదవోలులో. ఈ మాట మావయ్యగారికి మెల్లగా చెప్పు. ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్ల కోసం అప్పుడప్పుడు నోటిఫికేషన్ పడుతుంది, రాత పరీక్ష, గొంతు పరీక్ష ఉంటాయి. చూస్తూ ఉండు.

కెమెరా గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. తెలుగు చానెళ్ళలో కెమెరా పట్టుకున్న ఆడవాళ్ళు తక్కువ. బరువు వల్ల కాదు, ఇప్పుడు చాలా పని చిన్న కెమెరాలతోనే అయిపోతోంది. రాత్రి పదకొండుకి షిఫ్ట్ దిగాక హాస్టలుకి ఎలా వెళ్తుంది, ఊళ్ళో షూటింగ్ అయితే బాత్రూమ్ ఎక్కడ, ఈ ప్రశ్నలకి సమాధానం చెప్పలేని మేనేజర్లు "ఆడపిల్లలకి కష్టమమ్మా" అనేస్తారు. ఉద్యోగానికి వెళ్ళినప్పుడు డ్రాప్ ఉందా, పది మందో అంతకన్నా ఎక్కువమందో పనిచేసే ప్రతిచోటా, లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం ఉండాల్సిన ఫిర్యాదుల కమిటీ ఉందా అని ముందే అడుగు. అడిగినందుకు ఉద్యోగం ఇవ్వనివాళ్ళ దగ్గర చేరకపోవడమే మంచిది. ఎడిటింగ్‌తో లోపలికి వెళ్ళడం తేలిక, ఆ తర్వాత కెమెరా అడగొచ్చు. ఎడిటింగ్ తెలిసిన కెమెరామన్‌కి అనవసరమైనవి తీసే అలవాటు ఉండదు, నీకూ అదే లాభం.

మొదట్లో జీతం తక్కువే ఉంటుందని నాన్నగారికి ఇప్పుడే చెప్పు, తర్వాత తెలిసి బాధపడేకన్నా నయం. ఈలోగా మీ మండలంలోనే విలేకరి ఐడీ కార్డు, మైకు మీద పెట్టే చానెల్ లోగో ఇస్తాం, డిపాజిట్ కట్టి యాడ్స్ తెచ్చిపెట్టు అని ఎవరైనా వస్తే వాళ్ళకీ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళకి చెప్పిన సమాధానమే.

ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనమని అడగొద్దు. మంచి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చి రిజాల్వ్ ఉచితంగానే దొరుకుతుంది గానీ దానికి 16 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు ఉన్న మెషీన్ కావాలి, అది డిగ్రీ రెండో ఏడాదికి చూద్దాం. ముందు కాలర్‌కి తగిలించుకునే వైరు మైకు ఒకటి కొనుక్కో, వందల్లోనే వస్తుంది. మీ ఫోన్‌కి ఆ పిన్ను సరిపోతుందో లేదో అమలాపురంలో షాపులోనే పెట్టి, రికార్డు చేసి, విని మరీ డబ్బివ్వు.